పరిచయ వాక్యాలకు అందని ఆచార్యులు

ఎముకల శస్త్రవైద్యుల సభలకు అచ్చువేసే ఆహ్వానపత్రాలలో ఒక పేజీ దగ్గర నా చూపు ఎప్పుడూ ఆగిపోతుంది. దూరదేశం నుంచి విచ్చేస్తున్న ఆచార్యుడి ఛాయాచిత్రం, దాని కింద అయిదారు పంక్తుల పరిచయం. పొందిన పట్టాలు, నిర్వహించిన పదవులు, ప్రచురించిన పత్రాల సంఖ్య, తుంటి, మోకాలు, వెన్ను అంటూ ప్రావీణ్యం గల అంగం పేరు. నేను వైద్యుణ్ణి కాను. అయినా ఆ పంక్తులు చదివినప్పుడల్లా ఒక ప్రశ్న పుడుతుంది. ఈ చేతికి ఆ విద్య ఎక్కడ అబ్బింది? ఏ ఊళ్ళో, ఎవరి కాలి మీద, ఎన్నేళ్ళకు?

విద్వాంసుణ్ణి పిలిచి వినడం మనకు కొత్త కాదు. గద్వాల, వనపర్తి, పిఠాపురం సంస్థానాలకు అవధానులు వెళ్ళేవారు. అక్కడ సన్మానానికి ముందు పరీక్ష ఉండేది. శస్త్రవైద్యుడి పరీక్ష మాత్రం సభలో జరగదు, రోగి మంచం దగ్గర ముందే జరిగిపోయి ఉంటుంది. అలా పరీక్షకు నిలిచి, ఆ తరువాతే లోకం చేత పిలిపించుకున్న ముగ్గురి సంగతి చెప్పాలనిపించింది.

మొదటివాడు గవ్రీల్ ఇలిజారోవ్. 1944లో వైద్యవిద్య ముగించగానే పశ్చిమ సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతంలో ఒక పల్లెకు పంపారు. యుద్ధం నుంచి తిరిగివచ్చినవారి అతకని ఎముకలు, చీముపట్టిన గాయాలు ఆయనకు పాఠ్యగ్రంథాలయ్యాయి. 1950ల తొలినాళ్ళలో కాలి చుట్టూ లోహపు వలయాలు అమర్చి, సన్నని తీగలను ఎముకగుండా దూర్చి, వాటిని బిగించి వలయాలకు కట్టే పరికరాన్ని రూపొందించాడు. ఎముకను కోసి, ఆ రెండు ముక్కలను రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున మెల్లగా ఎడంచేస్తే మధ్యలో కొత్త ఎముక పుడుతుందని గ్రహించాడు. అదీ ఒక్కసారిగా కాదు, పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు విడతలుగా. మాస్కో పెద్దలు ఆయన్ని చాలాకాలం పట్టించుకోలేదు. 1964 ఒలింపిక్స్‌లో హైజంప్ స్వర్ణం గెలిచిన వలేరీ బ్రూమెల్ 1965లో మోటారుసైకిలు ప్రమాదంలో కాలు నుజ్జుచేసుకుని, ఎన్నో శస్త్రచికిత్సలు విఫలమయ్యాక, 1968లో కుర్గాన్ వెళ్ళి మళ్ళీ నిలబడ్డాడు. అప్పుడు సోవియట్ దేశం ఆయన్ని గుర్తించింది.

బయటి లోకానికి మరో పన్నెండేళ్ళు పట్టింది. ఇటలీ పర్వతారోహకుడు కార్లో మౌరి కాలు ఏళ్ళ తరబడి అతకక వంకరపోయి ఉంటే, ఒక సోవియట్ వైద్య మిత్రుడి సలహాపై 1980లో కుర్గాన్ వెళ్ళి బాగుచేయించుకు వచ్చాడు. ఆ కాలును చూసిన ఇటలీ వైద్యులు 1981లో ఇలిజారోవ్‌ను బెలాజియోలో జరిగిన సభకు పిలిచారు. ఆ సభ ఏఓ వారిది. 1958లో స్విట్జర్లాండులో పుట్టిన ఆ బృందం విరిగిన ఎముకను పలకలతో, మరలతో కదలకుండా బిగించాలని బోధించేది. కొద్దిపాటి కదలికను, నిలకడైన లాగుడును ఎముకకు మేలుచేసేవిగా చెప్పే మనిషిని తమ వేదికపైనే నిలబెట్టారు. వారి సంస్కారాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. అరవయ్యోపడిలో పడిన ఆ పల్లెటూరి వైద్యుడికి పశ్చిమదేశాలలో అదే తొలి ఉపన్యాసం.

ఆ ఉపన్యాసం మా ఇంటిదాకా వచ్చింది. 1999లో మా పెదనాన్నగారి అబ్బాయి స్కూటరును లారీ ఢీకొట్టింది. మోకాలి కింది ఎముక విరిగి బయటికి వచ్చింది. రెండు శస్త్రచికిత్సలయ్యాక చీము పట్టింది, ఎముక చచ్చిపోయింది. ఒక పెద్ద ఆసుపత్రిలో మోకాలి కింద తీసేయడమే మేలన్నారు. మరొక ఊళ్ళో ఒక యువవైద్యుడు ఫిల్ములను వెలుతురుకెత్తి చాలాసేపు చూసి, "తీసేయడం ఎప్పుడైనా చేయవచ్చు, ముందు ఒక ప్రయత్నం చేద్దాం" అన్నారు. ఆయన ఆ వలయాల విద్యను, విదేశంలో నేర్చివచ్చిన తన గురువు దగ్గర నేర్చుకున్నారట. చచ్చిన ఎముక నాలుగు సెంటీమీటర్లు తీసివేశారు. పైభాగంలో ఎముకను కోసి, ఆ ముక్కను కిందికి నడిపించారు. ఇంటికి పంపేముందు మా పెద్దమ్మ చేతికి ఒక చిన్న స్పానరు ఇచ్చారు. ఉదయం ఆరుకు, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఆరుకు, అర్ధరాత్రికి పావువంతు తిప్పడం. వెంకట్రామా క్యాలెండరు మీద తిథుల పక్కన నాలుగేసి గీతలు. అక్షరాభ్యాసం కూడా సరిగా జరగని ఆమె కుర్గాన్ గణితాన్ని ఒక్కనాడూ తప్పలేదు. వలయాలు పదకొండు నెలలు ఉన్నాయి. తీగల చోట రసి, రాత్రుళ్ళు నొప్పి, వాడి విసుగు, అన్నీ భరించారు. వాడు ఇప్పుడు కొద్దిగా ఒరిగి నడుస్తాడు. రెండు కాళ్ళమీద నడుస్తాడు.

రెండవ మనిషి ఇగ్నాషియో పోన్సెటి. 1914లో స్పెయిన్‌లోని మినోర్కా ద్వీపంలో ఒక గడియారాల పనివాడి ఇంట పుట్టాడు. అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన వైద్యం చేసి, ఓటమి తరువాత ఫ్రాన్సుకు, అక్కణ్ణించి మెక్సికోకు చేరి, 1941లో అమెరికాలోని అయోవాకు వచ్చాడు. పుట్టుకతో పాదాలు లోపలికి మెలితిరిగిన శిశువులకు అక్కడ పెద్ద కోతలు కోస్తున్నారు. పెద్దయ్యాక ఆ పాదాలు బిగుసుకుపోయి నొప్పిపెట్టడం ఆయన గమనించాడు. వారంవారం చేత్తో మెల్లగా సవరించి కట్టువేయడం, చివర మడమ వెనుక నరంపై చిన్న గాటు, ఆపైన కొన్నేళ్ళు రాత్రిపూట పట్టీ. అంతే. 1963లో ప్రచురించినా చాలాకాలం ఎవరూ వినలేదు. పదవీ విరమణ చేశాక, 1996లో పుస్తకం వచ్చాక, తల్లిదండ్రులే ఒకరికొకరు చెప్పుకుని అయోవా దారిపట్టారు. ఆ వెనుక వైద్యులు వెళ్ళారు.

ఆయన విషయంలో నన్ను ఆకట్టుకున్నది 1995లో వెలువడిన ఒక లెక్క. ఆయన చికిత్సచేసిన 45 మందిని, 71 పాదాలను, సుమారు ముప్ఫై ఏళ్ళ తరువాత పరీక్షించారు. 78 శాతం మందికి ఫలితం బాగుంది. పుట్టుకతో ఏ లోపమూ లేనివారితో పోలిస్తే, వారిలో ఆ సంఖ్య 85. తన చేతిపనిని ముప్ఫై ఏళ్ళ తరువాత పరాయివాళ్ళ చేత కొలిపించుకోవడమే ఆచార్యత్వమని నాకనిపిస్తుంది.

మన పుత్తూరు కట్టు ఇక్కడ గుర్తుకురాక మానదు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, గుడ్డ. తరతరాలుగా చేతినుంచి చేతికి వచ్చిన నేర్పు అది. ఆ వేళ్ళకు తెలిసినది తక్కువని నేననను. కాని ఆ విద్య ఆ కుటుంబం గడపలోనే ఉండిపోయింది. అతకని ఎముకల లెక్క ఎక్కడా లేదు. ఇలిజారోవ్ విద్యను మిల్లీమీటర్లలో చెప్పవచ్చు గనుక ముక్కూమొహం తెలియని మా పెద్దమ్మ దాకా రాగలిగింది.

మూడవవాడు మనకు బాగా దగ్గరివాడు. పాల్ బ్రాండ్ 1914లో తమిళదేశపు కొల్లి కొండలలో పుట్టి, లండన్‌లో శస్త్రవైద్యం చదివి, 1946లో వేలూరు వచ్చాడు. మన చిత్తూరు జిల్లావాళ్ళకు పెద్దజబ్బు చేస్తే ఆ వేలూరే దిక్కు. మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్ఠరోగుల ఆశ్రమంలో ముడుచుకుపోయిన ఒక చేతిని పట్టుకుని పిండమన్నాడు. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే, ఆ చేతిలో ఇంకా పనిచేసే కండరాలున్నాయని అర్థమైంది. చచ్చిన కండరాల పనికి బతికిన కండరాల స్నాయువులను మళ్ళించి వేళ్ళు తెరిపించాడు. వేళ్ళు తరిగిపోవడం రోగం తినడంవల్ల కాదు, స్పర్శ లేక తగిలిన దెబ్బ తెలియకపోవడంవల్ల అని నిరూపించాడు. 1952లో లండన్ రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్స్ ఆయన్ని హంటేరియన్ ఆచార్యుడిగా పిలిచింది. ఎవరూ తాకడానికి సాహసించని చేతుల దగ్గర నేర్చిన పాఠాన్ని ఆయన వారికి చెప్పాడు. 1966లో అమెరికా వెళ్ళి, మధుమేహంతో స్పర్శ పోయిన పాదాలకూ అదే పాఠాన్ని అన్వయించాడు.

మనలో మధుమేహం లేని ఇల్లు అరుదు. వట్టికాళ్ళతో తిరగవద్దు, రోజూ అరికాళ్ళు చూసుకోండి అని వైద్యులు చెబుతుంటే, అమెరికా మాటలే అనుకుంటాం. చెంగల్పట్టులో ఒక కుష్ఠరోగి తన చేతి పట్టుతో చెప్పిన మాట అది. అతని పేరు ఏ ఆహ్వానపత్రంలోనూ అచ్చుకాలేదు.