కారు వెనక పడకగది

శుక్రవారం సాయంత్రం సైబర్ టవర్స్ కూడలి దాటాలంటే ఓపిక ఉండాలి. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న కుర్రాడి మనసు మాత్రం ఈపాటికే అనంతగిరి కొండలెక్కేసి ఉంటుంది. హోటల్ గది వద్దు. గుడారమైతే వానకు తడుస్తుంది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే పడకగది ఉంటేనో! అదీ కొన్నది కాదు, సొంతంగా కట్టుకున్నది! పొద్దస్తమానం కంప్యూటర్ తెరమీదే పనిచేసేవాళ్లకు చేత్తో ముట్టుకునే వస్తువొకటి తయారుచేయాలని ఉండదూ?

అలాంటి బండి కొత్తదేం కాదు. 1930లలోనే అమెరికాలో జనం కట్టుకున్నారు. పక్కనుంచి చూస్తే వాలిన కన్నీటిబొట్టులా ఉంటుంది కాబట్టి ‘టియర్‌డ్రాప్ ట్రైలర్’ అన్నారు. హాయిగా తిరిగొచ్చే బండికి ఏడుపు పేరేమిటో! 1947లో ‘మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రిక దాన్ని ఇంట్లోనే ఎలా చేసుకోవాలో బొమ్మలతో సహా అచ్చేసింది. లోపల ఇద్దరికి పడక, అంతే. నిలబడటానికి వీల్లేదు. వెనక తలుపు పైకెత్తితే వంటగది. గిన్నెలూ, పొయ్యీ అందులోనే... వండే మనిషి మాత్రం బయటే నిలబడాలి. సైజు కిటుకంతా ప్లైవుడ్‌లో ఉంది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న షీటు ఒక్కోటి ఒక్కో పక్కగోడ అవుతుంది. మన దుకాణాల్లోనూ దొరికేది ఆ కొలతే.

మన ఊళ్లో ఇలాంటి పిచ్చి ఎవరికైనా ఉందా అంటే, జూపార్కు దగ్గర బహదూర్‌పురాకు వెళ్లాలి. కె.సుధాకర్ స్కూలు రోజుల నుంచే పాత సామాను పోగేసి బండ్లు కట్టడం మొదలుపెట్టారు. వంకాయ, క్రికెట్ బ్యాటు, కెమెరా... ఆయన చేతిలో పడితే ఏదైనా కారే. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడుచక్రాల సైకిల్‌తో గిన్నిస్ రికార్డుకెక్కారు. 2010లో ‘సుధా కార్స్ మ్యూజియం’ తెరిచారు. పిల్లలు ఆ బండ్లను చూసి నవ్వుకుంటారు. ట్రైలర్ కట్టాలనుకునేవాళ్లు మాత్రం వంగి, చక్రాల దగ్గర చూడాలి.

ఎందుకంటే అసలు ప్రమాదం బరువుతోనే. వంటగది వెనకుంది కదా అని నీళ్ల క్యానూ, గ్యాస్ సిలిండరూ అక్కడే పెట్టేస్తే తోక బరువెక్కుతుంది. వేగం పెరిగేకొద్దీ బండి పాములా ఊగి కారునే పక్కకు లాగేస్తుంది. మొత్తం బరువులో పదోవంతుకు తగ్గకుండా కొక్కెం మీద పడాలి. 400 కిలోల బండికి 40 నుంచి 60 కిలోలు. గాలాడటానికి కిటికీ, పైకప్పులో సందూ ఉండి తీరాలి. ఇక కాగితాల సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇంజిన్ లేకపోయినా ట్రైలర్ కూడా మోటారు వాహనమే. రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. ప్లైవుడ్ కోశాక కాదు, కొనకముందే ఆర్టీఏ ఆఫీసుకెళ్లి అడగాలి.

ఆదివారం చేయగలిగిన పని ఒకటుంది. అపార్టుమెంటు సెల్లార్‌లో కారు తీసేసి, ఆ ఖాళీలో సుద్దముక్కతో 8 అడుగులు, 4 అడుగుల గడి గీయడం. అందులో ఆలుమగలిద్దరూ పడుకుని చూడాలి, వాచ్‌మన్ నవ్వితే నవ్వనీ. కాళ్లు చాపుకున్నాక వంటగదికి ఎన్ని అంగుళాలు మిగిలాయో అప్పుడు తేలుతుంది.