పిల్లికూన కడుపులో ఏలికపాములు

పిల్లలూ! మా నర్సీపట్నం ఇంట్లో పిల్లి ఈనింది. నెల తిరిగేసరికి ఒక కూనకు వెన్నెముక తేలి, పొట్ట మాత్రం బుంగలా ఉబ్బింది. మా మనవడు బడిలో ఇచ్చిన నులిపురుగుల బిళ్ళ మింగకుండా దాచి తెచ్చాడు.

"తాతయ్యా, ఇది దీనికి పెడదామా?" అన్నాడు.

మనసు మంచిదే! కాని ఆ ఆల్బెండజోల్ బిళ్ళ 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినాన మీవంటి పిల్లలకు ఇస్తున్నది. పిల్లికి అది ఎముకలలోని మూలుగను దెబ్బతీయవచ్చు. బిళ్ళ వాడిచేతనే నమిలించి, కూనను బుట్టలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరుగారు ముందు దాన్ని తూచారు. మోతాదు బరువునుబట్టి గదా! పైరాంటెల్ మందు పట్టారు. మర్నాడు సేమియావంటి ఏలికపాములు పడ్డాయి.

"పాలు తప్ప మరేమీ ఎరగదే, ఇవెలా వచ్చాయి?" అన్నాడు మావాడు.

ఆ పాలతోనే వచ్చాయి! తల్లి తిన్న ఎలుకలోని పురుగుపిల్లలు పాలద్వారా కూనలకు దిగుతాయి. అందుకే రెండు వారాలకొకసారి కూనలతోపాటు తల్లికీ మందు పట్టమన్నారు. బద్దెపురుగు దారి వేరు. ఒళ్ళు నాక్కుంటూ బొచ్చులో గెంతే చిన్న పురుగును మింగితే అది వస్తుంది. తోక కింద బియ్యపుగింజలవంటి తునకలు కనిపిస్తాయి. దాని మందు ప్రాజిక్వాంటెల్.

ఏలికపాము గుడ్డు పడ్డనాడే హాని చేయదు, లోపల పురుగు ఎదగడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ తరవాత మట్టిచేతులతో మన నోట్లోకీ పోగలదు. కనుక మావాడు రోజూ పొద్దున్నే ఇసుకతట్టలోని పెంట ఎత్తి, సబ్బుతో చేతులు కడిగాకనే ఫలహారానికి కూర్చుంటాడు.