శనక్కాయ వేరుకు కాయదు

సంచికకు ఏదైనా రాసివ్వమని మన విద్యార్థి సంఘం కార్యదర్శి అడిగితే మొదట నవ్వొచ్చింది. రికార్డులు రాసుకునే బి.ఎస్సీ. వాడికి వ్యాసాలెందుకు? కానీ పోయిన ఆగస్టులో ఒక పల్లె బడిలో నాకు జరిగిన పరాభవం గుర్తొచ్చింది. చెప్పుకుంటే నలుగురికీ పనికొస్తుందనిపించి రాస్తున్నాను.

మన విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం చెప్పే మాస్టారు మీలో చాలామందికి తెలుసు. పేరు రాయవద్దన్నారు. శనివారం మధ్యాహ్నం ఆయన భుజాన గుడ్డసంచీ తగిలించుకుని పల్లెవెలుగు బస్సెక్కి చుట్టుపక్కల జిల్లా పరిషత్ బడులకు పోయి పిల్లల చేత బొమ్మలు వేయిస్తారు. దానికి జీతమూ లేదు, బస్సు ఛార్జీలూ లేవు. ఎన్.ఎస్.ఎస్. తరఫున కాగితాలు మోయడానికి నేను వెంట వెళ్ళాను. నిజం చెప్పాలంటే హాజరు కోసమే వెళ్ళాను.

ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో నూరుమందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. మేం పోయిన బడిలో మాత్రం డ్రాయింగు సారు రిటైరైన తర్వాత ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. రంగుపెట్టెలు కొనే స్తోమత పిల్లలకు లేదు. మాస్టారు సంచీలోంచి బొగ్గు, పసుపు, జల్లించిన ఎర్రమన్ను తీసి, తుమ్మబంక నీళ్ళు కలిపి కొబ్బరి చిప్పల్లో పోశారు. బోర్డు మీద ఏ బొమ్మా వేయలేదు. "చూసి దించడానికి ఇక్కడేమీ లేదు. మీ చేలో శనక్కాయ చెట్టు ఎట్లుంటుందో వేయండి," అన్నారు. నా వైపు తిరిగి, "నువ్వూ వెయ్యి," అన్నారు.

వృక్షశాస్త్రం చదివేవాణ్ణి కదా, నాకేం తక్కువ? కాండం, ఆకులు, వేళ్ళు చకచకా గీసి, వేళ్ళకు గుత్తులుగా కాయలు వేలాడదీశాను. బాణం గుర్తులు పెట్టి పేర్లు కూడా రాశాను. పక్కనున్న ఏడో తరగతి పిల్ల తొంగి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"సార్, బుడ్డలు వేరుకు కాయవు. పూవు వాడినాక ఊడ దిగుతాది. ఆ ఊడ మట్టిలోకి పోయి కొనన బుడ్డ కడతాది."

ఆ పిల్ల కాగితం మీద ఊడలన్నీ ఉన్నాయి, కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి. మాస్టారు తీర్పు చెప్పలేదు. బడి వెనక చేనుగలాయన్ని అడిగి ఒక చెట్టు పీకించారు. అందరం చుట్టూ కూర్చుని చూశాం. తీర్పు ఆ చెట్టే చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "మాదీ శనక్కాయ చేనే సార్," అన్నాను తల దించుకుని. "మరి అట్లా ఎందుకు వేశావు?" అన్నారాయన. కోపంగా కాదు, తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు.

జవాబు ఆ రాత్రి హాస్టల్లో దొరికింది. ఎకరాకు 200 కిలోల జిప్సం నాయనతో కలిసి మొదళ్ళ దగ్గర చల్లినవాణ్ణి నేను. కాయకు కావలసిన కాల్షియాన్ని ఊడలూ లేతకాయలూ మట్టిలోంచి నేరుగా పీల్చుకుంటాయి, అందుకే అక్కడ చల్లుతాం. అంత చేసినవాడికి బొమ్మ వేసేటప్పుడు చేను గుర్తుకు రాలేదు. నా రికార్డులోని బొమ్మలన్నీ సీనియర్ల రికార్డుల్లోంచి దించినవే. మీ నాయన ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మాట మార్చడం కూడా నాకు అలవాటైపోయింది. ఈ రెండూ ఒకే జబ్బు అని ఆ రాత్రే తెలిసింది.

తర్వాత హాజరుతో పని లేకుండానే వెళ్ళాను. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర తన విద్యార్థులను బొమ్మల వైపు ఎలా తిప్పాడో మాస్టారు ఒకసారి చెప్పారు. వాళ్ళలో అడివి బాపిరాజు, ముప్ఫై ఏళ్ళు నిండకుండానే 1925లో పోయిన దామెర్ల రామారావు ఉన్నారు. "అంతటివాళ్ళను తయారుచేస్తానని నేననుకోను. చూడ్డం వస్తే చాలు," అన్నారు. అన్నీ ఆయన అనుకున్నట్టు జరగలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయని తల్లిదండ్రులు అంటే పదో తరగతిని బొమ్మలకు పంపడం మానేశారు. మాస్టారు వాదించలేదు. మిగిలిన తరగతులతోనే కూర్చున్నారు.

దసరాకు ఊరికి పోతూ, ఆ రోజు పీకిన చెట్టును చూసి నేను మళ్ళీ వేసిన బొమ్మ పట్టుకుపోయాను. నాయన దీపం దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఈ పైనుండే ఊడలు దిగలేదే? నేల గట్టిపడింది రా. ఈ చేనికి ఒక వాన తక్కువైంది."

నిజమే. ఆగస్టులో అక్కడ వాన లేదు. ఆ సంగతి నేను చెప్పలేదు, కాగితమే ఆయనకు చెప్పింది. మూడేళ్ళుగా నేను చదువుతున్న చదువులో మా నాయన చదవగలిగింది ఆ ఒక్క పేజీయే.

శనివారం మధ్యాహ్నం బస్సులో మాస్టారి పక్కన సీటు ఖాళీగానే ఉంటోంది. కాగితాలు మోసేవాళ్ళు ఇంకా కావాలి.