నాలుగున్నరకు గ్రౌండు

ఏప్రిల్ 28, 2024, ఆదివారం

ఈ రోజు మైదుకూరు హైస్కూలు గ్రౌండులో కొత్త రౌండు గీశాం. పాతది గొర్రెల కాళ్ల కింద చెరిగిపోయింది. డ్రిల్ సారు రిటైరై చాలా ఏళ్లయినా టేపు పట్టుకుంటే ఇప్పటికీ చెయ్యి వణకదు. నడిమధ్యన ఇనుప మేకు దిగ్గొట్టి, దానికి నైలాన్ తాడు కట్టి, 31 మీటర్ల 63 సెంటీమీటర్ల దగ్గర ముడి వేశారు. "రెండు వందల మీటర్ల రౌండుకు 31.83 రావాల కదా సార్?" అన్నాడు చాపాడు పిల్లోడు. "గీత మీద ఎవుడన్నా పరిగెత్తుతాడాబ్బా? గీతకు జానెడు బయట పరిగెత్తుతాడు. ఆ జానెడు కూడా లెక్కలోకి రావాల" అన్నారు సారు.

ఇంటికొచ్చి లెక్క వేసి చూశాను. తాడు 31.83 దగ్గరే కట్టి ఉంటే ఎనిమిది రౌండ్లకు పది మీటర్లు ఎక్కువ పరిగెత్తాల్సి వచ్చేది. కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో ముగించాల్సినవాడికి పది మీటర్లంటే మూడు సెకన్లు. గీతకు మీటరు దూరంగా పరిగెత్తేవాడైతే ఏకంగా నలభై మీటర్లు, పన్నెండు సెకన్లు పోగొట్టుకుంటాడు. రేపటి నుంచి పిల్లలను గీత పక్కనే పరిగెత్తమని గట్టిగా చెప్పాలి.

మా పరుగు క్లబ్బు మొదలైనప్పుడు ఉన్నది షుగరు తగ్గాలనో, మోకాళ్లు పట్టేశాయనో వచ్చిన నలభై దాటిన మాలాంటివాళ్లమే. ఇప్పుడు సగానికి పైగా కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమయ్యే పిల్లలు. 2022 నవంబరులో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాసిన నాలుగున్నర లక్షల పైచిలుకు మందిలో 95,208 మంది గట్టెక్కారు. మార్చిలో జరగాల్సిన దేహదారుఢ్య పరీక్షలు వాయిదా పడ్డాయి. అప్పటినుంచి తేదీ లేదు. ఫలానా రోజు పరీక్ష అని తెలిస్తే ఆ రోజుకు ఒళ్లు సిద్ధం చేసుకోవచ్చు. తేదీ లేనివాడు ఏడాది పొడుగునా సిద్ధంగా ఉండాలి. వీళ్లు ఉంటున్నారు. ఆ పట్టుదల చూస్తే నాకు గుండె నిండిపోతుంది.

మే 3, శుక్రవారం

కడప, నంద్యాల జిల్లాల్లో 45 డిగ్రీలు దాటిందని వార్తలు. రాత్రి పదకొండుకు కూడా మిద్దె మీద కాలు పెట్టలేకపోయాం. ఇంకా రోహిణి కార్తె రానే లేదు.

అయిదున్నరకు మొదలుపెడితే ఆరున్నరకే నెత్తి మాడుతోందని గ్రౌండు టైము నాలుగున్నరకు మార్చాం. సారు చెప్పింది సబబే. చీకట్లో పరిగెత్తితే ఎండ తగలదు గానీ వేడి పూర్తిగా పోదు. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలప్పుడు ఆడవాళ్ల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టినా, బయల్దేరిన 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. అక్కడ ఉక్కపోత, మన దగ్గర పొడి వేడి. అయినా రాత్రంతా నేల కక్కే సెగ తెల్లారేదాకా ఉంటుంది కాబట్టి దూరం కూడా తగ్గించాం. ఈ నెలలో వేగం పెంచుకోవడం వద్దు, ఉన్నది నిలబెట్టుకుంటే చాలు.

టైము మార్చిన మరుసటి రోజే గ్రౌండులో అమ్మాయిలు లేరు. నిన్నటిదాకా వచ్చినవాళ్లలో ఒక్కతే వచ్చింది, అదీ అన్న బండి మీద.

మే 5, ఆదివారం

చెమట పడితే బరువు తగ్గుతుందని ఒక పిల్లోడు జర్కిన్ వేసుకుని పరిగెత్తాడు. ఆరో రౌండులో అడుగులు తడబడ్డాయి. పేరడిగితే పొంతన లేని జవాబు చెప్పాడు. మాట తడబడిందంటే ఇంక కూర్చోబెట్టి నీళ్లు తాగించే పని కాదు. జర్కిన్, చొక్కా విప్పదీసి, మజ్జిగ కోసం తెచ్చిన ఐసు గడ్డను గోనెసంచిలో పగలగొట్టి, తడి తువ్వాళ్లలో చుట్టి మెడకూ చంకలకూ గజ్జలకూ పెట్టాం. ఇద్దరు బకెట్లతో నీళ్లు పోస్తూనే ఉన్నారు, ఒకరు అట్టతో విసురుతున్నారు. కొందరు "ముందు ఆటో పిలవండి" అని అరిచారు. పిలవమన్నాను, కానీ అది వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దన్నాను. వడదెబ్బలో మెదడు ఉడికిపోయే ప్రతి నిమిషమూ లెక్కే. పిల్లోడు తేరుకుని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉంచి పంపారు.

రేపటి నుంచి జర్కిన్‌తో గ్రౌండులోకి రానివ్వం. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తం ఒక గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగుతున్నవాళ్లు కూడా ఉన్నారు. ఒక ప్యాకెట్టుకు లీటరు నీళ్లు. చిక్కగా కలిపితే మేలు జరగదు సరికదా కీడు చేస్తుంది. బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను.

మే 8, బుధవారం

నర్సు డ్యూటీ దిగి నేరుగా వనిపెంట రోడ్డు వైపు పోయి, రావడం మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లాను. ఒక తల్లి చాటలో కందిబేడలు చెరుగుతూ తల ఎత్తకుండానే అంది: "ఎండలో పంపితే పిల్ల పడిపోతాదంటారు. చీకట్లో పంపితే ఊరు నోరు మూసుకోదు. ఇంగ మా పిల్ల ఎప్పుడు పరిగెత్తాలక్కా?"

దారంతా అదే మాట. మగపిల్లలకు ఈ నెలలో అడ్డం ఎండ ఒక్కటే. ఆడపిల్లలకు ఎండ నుంచి తప్పించుకునే దారి చీకటి గుండా పోతుంది. ఆ దారిలో కుక్కలుంటాయి, తాగినవాళ్లుంటారు, నంద్యాల రోడ్డులో లారీలుంటాయి, అన్నిటికంటే ముందు ఇరుగు పొరుగు ఉంటారు. 1600 మీటర్లకు వాళ్లకిచ్చిన సమయం పదిన్నర నిమిషాలు, అంటే మా రౌండుకు 78 సెకన్ల పైచిలుకు. ఆ లెక్క వేసినవాళ్లు ఇంటి గడప నుంచి గ్రౌండు దాకా ఉన్న దూరాన్ని కొలవలేదు.

క్లబ్బు చేయాల్సిన పని కోచింగు కాదనిపిస్తోంది. సారు ఉన్నారు, దానికి ఆయన చాలు. మిగతా మేమందరం ఆ చీకటి సంగతి చూడాలి.

మే 10, శుక్రవారం

దారి దొరికింది. మార్కెట్టుకు కూరగాయలు తోలే ఆటో ఒకటి రోజూ నాలుగింటికే పల్లెల మీదుగా మైదుకూరు వస్తుంది. ఆ ఆటో అన్న ఈ తల్లులందరికీ తెలిసినవాడే. "గంపలు సర్దుకుంటే నలుగురు కూర్చోవచ్చు, డబ్బులేం వద్దు" అన్నాడు. ఆటోలో ఎవరో ఒక తల్లి ఉండాలన్నది మా షరతు. ప్రొద్దుటూరు రోడ్డు వైపు పిల్లలను నా స్కూటీ మీద తెస్తాను. బ్యాగులకు అతికించడానికి మెరిసే టేపు కొన్నాం.

మే 13, సోమవారం

పోలింగు. నిన్నటి నుంచే స్కూలంతా పోలీసులు, పెట్టెలు, టెంట్లు. గ్రౌండు లేదు. ఓటేసి వచ్చి పడుకున్నాను.

మే 18, శనివారం

బ్రహ్మంగారి ఆరాధన. మఠం రోడ్డు వాహనాలతో నిండిపోయింది. పరుగు మానేసి అందరం రోడ్డు పక్కన మజ్జిగ చెంబులతో నిలబడ్డాం. పరుగు పోటీలో నీళ్ల టేబులు దగ్గర ఎలా నిలబడాలో నేర్పడానికి ఇంతకంటే మంచి బడి లేదు: గ్లాసు అంచు పట్టుకోకూడదు, అడుగున పట్టుకుని చెయ్యి చాచాలి, ఇచ్చిన వెంటనే చెయ్యి వెనక్కి తీసుకోవాలి, సగమే నింపాలి. పిల్లలు గంటలో నేర్చుకున్నారు.

మే 20, సోమవారం

జపాన్‌లోని కోబేలో ప్రపంచ పారా అథ్లెటిక్స్. జీవంజి దీప్తి మేధో వైకల్యం ఉన్నవాళ్ల టి20 విభాగంలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తింది. బంగారు పతకం, ప్రపంచ రికార్డు. వరంగల్లు జిల్లా కల్లెడ పిల్ల, కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ.

సాయంత్రం అమ్మాయిలందరినీ కూర్చోబెట్టి ఫోనులో ఆ పరుగు చూపించాను. తర్వాత వాళ్లను మా రౌండు దగ్గరికి తీసుకుపోయి, "ఈ గీత చుట్టూ రెండుసార్లు, 55 సెకన్లు" అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేము ఒక్క రౌండుకు 78 సెకన్లు తీసుకుంటాం. మా ఖాజీపేట పిల్ల వాచీ తీసుకుని, తనే లేచి రెండు రౌండ్లు పరిగెత్తి వచ్చి, రొప్పుతూ అడిగింది: "ఆ పిల్ల ఊర్లో గ్రౌండు ఉండాదా అక్కా?" జవాబు నాకు తెలియదు. తెలుసుకుని చెప్తానన్నాను.

జ్యోతి యర్రాజీ గురించి కూడా చెప్పాను. విశాఖపట్నం పిల్ల, వంద మీటర్ల హర్డిల్స్‌లో 13 సెకన్ల లోపు పరిగెత్తిన మొదటి భారతీయురాలు. రేపు లాంగ్‌జంప్ గుంటలో ఇసుక తవ్వాలి, గట్టిపడిపోయింది.

మే 26, ఆదివారం

రోహిణి వచ్చింది. రోళ్లు పగిలే ఎండలని ఊరికే అనలేదు. అయినా పిల్లల ఒళ్లు వేడికి అలవాటు పడింది. చెమట తొందరగా పడుతోంది, చొక్కాల మీద తెల్లటి ఉప్పు చారలు తగ్గాయి. పది పద్నాలుగు రోజులు జాగ్రత్తగా పరిగెత్తిస్తే శరీరం తనంతట తానే ఈ పని నేర్చుకుంటుంది. నర్సుగా చదువుకున్నదే అయినా కళ్లారా చూస్తే ఆశ్చర్యం తగ్గదు.

జూన్ 2, ఆదివారం

క్లబ్బు అయిదు కిలోమీటర్ల పోటీ. కేసీ కాలువ గట్టు మీద పెట్టాం. కాలువలో చుక్క నీళ్లు లేవు, కానీ గట్టు మెత్తగా ఉంటుంది, లారీలు రావు. అయిదుంబావుకు, ఇంకా మనిషి ముఖం ఆనవాలు పట్టని వెలుగులో విజిల్ వేశారు సారు. తెల్లగుడ్డ ముక్కల మీద స్కెచ్ పెన్నుతో నంబర్లు రాసి పిన్నీసులతో గుచ్చాం. నా పని ముగింపు గీత దగ్గర వాచీ చూసి టైము చదవడం. పక్కన ఒకరు నంబరు చదివితే ఇంకొకరు రాసుకోవాలి. ముగ్గురు ఒకేసారి వస్తే కంగారుపడకూడదు. వచ్చిన వరస చెడకుండా తాడు కట్టిన సందులోంచి ఒక్కొక్కరినే పంపాం.

ఎక్కువ నేర్చుకున్నది చివర నడిచిన వాలంటీర్లు. అందరికంటే వెనక వచ్చే మనిషితో పాటు నడవడమే వాళ్ల పని. ఈసారి వెనక వచ్చింది తోడుగా ఆటోలో వస్తున్న తల్లులు. రోజూ గ్రౌండు పక్కన కూర్చుని ఏం చేస్తామని వాళ్లూ నంబర్లు అడిగి కట్టుకున్నారు. ఆ రోజు చాట చెరిగిన ఆమె చీర చెంగు నడుముకు చుట్టుకుని 58 నిమిషాల్లో వచ్చింది. "రాసినారా నాది?" అని పుస్తకంలో తొంగి చూసి, తన నంబరు ఎదురుగా టైము కనిపించాకనే మజ్జిగ తాగింది.

అమ్మాయిల్లో మొదట ఖాజీపేట పిల్ల.

జూన్ 9, ఆదివారం

మృగశిర. రుతుపవనాలు సీమలోకి వచ్చాయి, రాత్రి చిన్న జల్లు పడింది. గ్రౌండులో సున్నం గీత సగం కొట్టుకుపోయింది. మేకు ఉంది కాబట్టి గీయడం పెద్ద పని కాదు.

ఎన్నికల ఫలితాలు వచ్చాయి, ప్రభుత్వం మారుతోంది. పిల్లలు అందరినీ అడుగుతున్నది ఒకటే: మన తేదీ ఎప్పుడు? తేదీ వచ్చేదాకా నాలుగున్నర టైము మార్చవద్దని అమ్మాయిలే అన్నారు. పొద్దున్నే అయితే తర్వాత పొలం పనికో, కోచింగుకో పోవడానికి వీలంట.

వచ్చే వారం నాకు రెండు నైట్ డ్యూటీలు పడ్డాయి. ప్రొద్దుటూరు రోడ్డు పిల్లలను ఆ రెండు రోజులూ ఎవరు తేవాలో ఇంకా తేలలేదు. సారు కోడలికి స్కూటీ ఉంది. రేపు పోయి అడగాలి.