రెజాంగ్ లా: మంచు చెప్పిన సాక్ష్యం

లేహ్ పట్టణం నుండి చుశూల్ వెళ్లే యాత్రికుడు ముందుగా 17 వేల అడుగులకు పైబడిన చాంగ్ లా కనుమను దాటవలసి ఉంటుంది. ఆ తరువాత పాంగాంగ్ సరస్సు నీలిమ చాలాదూరం అతనికి తోడు వస్తుంది. మాన్, మేరక్ గ్రామాలు వెనుకబడి, సరస్సు కనుమరుగైన పిమ్మట దారి ఒక విశాలమైన బయలులోకి ప్రవేశిస్తుంది. ఎటుచూచినా చెట్టన్నది కానరాదు. అప్పుడప్పుడు అడవి గాడిదల మంద ఒకటి దుమ్ము రేపుకుంటూ సాగిపోతుంది. తూర్పున బోసి కొండల వరుస. సముద్రమట్టానికి 14 వేల అడుగుల ఎత్తున ఉన్న చుశూల్ లోయ ఇదే.

గ్రామం దాటి మరికొంత దూరం పోతే దారి ప్రక్కన ఒక స్మారకం కనిపిస్తుంది. 1962 నవంబరు 18న రెజాంగ్ లా కనుమ వద్ద నేలకొరిగిన 114 మంది కుమావూన్ సైనికుల జ్ఞాపకార్థం వారి పటాలమే దీనిని నిర్మించింది. చివరి మనిషి వరకు, చివరి తూటా వరకు పోరాడిన వీరులని ఆ శిల చెబుతుంది. దానితోపాటు ఆంగ్లకవి మెకాలే రచించిన ‘హొరేషియస్’ గీతంలోని పంక్తులు కూడా చెక్కి ఉన్నాయి. యాత్రికులు వాటిని చదివి, తలవంచి నమస్కరించి, తిరుగు ప్రయాణమవుతారు.

కాని ఆనాడు కనుమను కాచిన దళంలో ఉన్నవారు దాదాపు 120 మంది. అంటే కొందరు బ్రతికారు. వారి కథ శిల మీద లేదు.

13వ కుమావూన్ పటాలానికి చెందిన ‘సి’ కంపెనీ అది. సిపాయిలలో అత్యధికులు నేటి హర్యానాలోని రేవాడీ, మహేంద్రగఢ్ ప్రాంతాల అహీరులు. సజ్జలు, ఆవాలు పండే పల్లపు నేలల బిడ్డలు. 16 వేల అడుగులకు పైన, ఊపిరి ఆడని చలిలో, గడ్డకట్టిన నేలను త్రవ్వి కందకాలు సిద్ధం చేసుకున్నారు. చేతిలో పాతకాలపు త్రీనాట్‌త్రీ తుపాకులు. నడుమ ఒక శిఖరం అడ్డుగా ఉన్నందున వెనుకనున్న మన ఫిరంగులు వారికి అక్కరకు రాలేదు. దళనాయకుడు జోధ్‌పూర్ ప్రాంతానికి చెందిన మేజర్ షైతాన్ సింగ్. వయసు 37 సంవత్సరాలు.

తెల్లవారకముందే చైనా సేనలు వాగుల వెంబడి పైకి వచ్చాయి. మొదటి దాడులు విఫలమయ్యాయి. తరువాత ఫిరంగి గుండ్లు కురిశాయి. వెనుక ప్రక్క నుండి కూడా శత్రువులు చుట్టుముట్టారు. మేజర్ ఒక స్థావరం నుండి మరొక స్థావరానికి తిరుగుతూ ధైర్యం చెబుతుండగా తూటాలు తగిలాయి. మోసుకుపోబోయిన సిపాయిలను వారించి, తనను ఒక బండ చాటున విడిచిపొమ్మన్నాడు. ఆయన వెంట ఉన్న రేడియో సిపాయి తరువాతి కాలంలో చెప్పిన ప్రకారం, మేజర్ అతనికిచ్చిన చివరి ఆజ్ఞ ఒక్కటే: క్రిందికి వెళ్లి, కంపెనీ ఎలా పోరాడిందో పటాలానికి చెప్పమని.

యుద్ధరంగంలో ఇటువంటి ఆజ్ఞ అరుదు. చావమని కాదు, గెలవమని కాదు, సాక్ష్యం చెప్పమని. గాయపడినవారు, మంచు కొరికినవారు కొందరు కొండ దిగారు. మరికొందరు బందీలయ్యారు. రెండు చేతులలోనూ తూటాలు దిగిన ఒక సైనికుడు చీకటిలో శత్రువుల చెరనుండి తప్పించుకుని వచ్చాడు. వచ్చినవారు చూచినది చూచినట్లు చెప్పారు. చాలామంది నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం ఆనాటి పరిస్థితులలోనే ఉంది. సరిగ్గా ఆ రోజులలోనే ఈశాన్య సరిహద్దులో వాలోంగ్ పోయింది, సే లా నుండి మన సేనలు వెనుదిరిగాయి, బొమ్‌డిలా కూలింది. ఎటు విన్నా తిరోగమన వార్తలే. అటువంటి వేళ, ఒక కంపెనీ కదలక నిలిచి దాదాపు పూర్తిగా ప్రాణాలర్పించిందంటే అది కట్టుకథ వలె తోచింది. నవంబరు 21న చైనా కాల్పుల విరమణ ప్రకటించింది. కొండలపై మంచు కప్పుకున్నది. తోటివారిని పోగొట్టుకున్న దుఃఖానికి, అబద్ధాలాడుతున్నారన్న అనుమానం తోడై, ఆ కొద్దిమంది ఆ శీతకాలాన్ని గడపవలసి వచ్చింది.

1963 తొలి నెలలలో ఒక గొర్రెలకాపరి ఆ ఎత్తులకు వెళ్లి, చూచినదానిని వచ్చి చెప్పాడు. వెదకబోయిన బృందానికి మంచు ఆ ఉదయాన్ని చెక్కుచెదరకుండా భద్రపరచి అప్పగించింది. సైనికులు కందకాలలోనే ఉన్నారు. పలువురి చేతులలో ఆయుధాలు అలాగే ఉన్నాయి. ఒకని చేతిలో ప్రయోగించబోతున్న మోర్టారు గుండు. వైద్యసహాయకుని చేతిలో సూది, కట్టుగుడ్డ. వేయి మోర్టారు గుండ్లలో మిగిలినవి ఏడు. బండ చాటున మేజర్. బ్రతికినవారు చెప్పిన ప్రతి మాటకూ మృతులు సాక్ష్యమిచ్చారు. షైతాన్ సింగ్‌కు మరణానంతరం పరమవీరచక్ర లభించింది. కంపెనీకి ఎనిమిది వీరచక్రలు వచ్చాయి.

రేవాడీలో కూడా ఈ యుద్ధానికి ఒక స్మారకం ఉంది. ఏటా నవంబరు 18న అక్కడ పూలమాలలు వేస్తారు. నేలకొరిగిన వీరునికి రాయి నిలపడం మన దేశంలో పాత ఆచారమే. తెలుగునాట ఎన్ని ఊళ్ల పొలిమేరలలో వీరగల్లులు లేవు! కాని తిరిగివచ్చినవానికి రాయి నిలిపే ఆచారం లేదు. అతడు పింఛను పుచ్చుకుని, పొలం చూచుకుని, వృద్ధుడవుతాడు. రెజాంగ్ లా నుండి వచ్చినవారు అరవయ్యేళ్ల తరువాత కూడా, అడిగినవారికి ఆ తెల్లవారుజామునే మళ్లీ మళ్లీ చెబుతూ వచ్చారు. మేజర్ ఆజ్ఞకు గడువు లేదు.

ఇక చుశూల్ శిల మీది గీతంలో ఒక విశేషం ఉంది. వంతెనపై నిలిచి రోమునగరాన్ని కాచిన హొరేషియస్, మెకాలే కథలో మరణించడు. గాయాలతోనే టైబర్ నదిని ఈది ఆవలిగట్టు చేరతాడు. నగర ప్రజలు అతనికి పొలమిచ్చి, బ్రతికి ఉండగానే విగ్రహం నిలుపుతారు. మృతుల కోసం ఎన్నుకున్న ఆ పంక్తులు నిజానికి తిరిగివచ్చిన ఒక సైనికుని కథలోనివి.

2021 నవంబరు 18న పునర్నిర్మించిన స్మారకాన్ని ప్రారంభించడానికి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ చుశూల్ వచ్చారు. 1962లో 13వ కుమావూన్‌లో పోరాడిన ఒక వృద్ధ బ్రిగేడియర్ కూడా ఆనాడు అక్కడికి వచ్చారు. ఆయన కూర్చున్న చక్రాల కుర్చీని మంత్రి స్వయంగా నెట్టుకుంటూ స్తూపం వద్దకు తీసుకువెళ్లారు. పేర్లు చెక్కిన రాయి ముందు, పేరు చెక్కని మనిషి ఒకరు కొంతసేపు ఉన్నారు.