వగరు దిగేదాకా

రెడ్ వైన్ మొదటిసారి నోట పెట్టుకున్న మనవాళ్లు చాలామంది మొహం చిట్లిస్తారు. ద్రాక్షరసం కదా, తియ్యగా ఉంటుందనుకుంటారు. తీరా చూస్తే లేత వక్క కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. ఆ వగరు ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి దిగే టానిన్లది. పదేళ్లు, ఇరవై ఏళ్లు నిలవాల్సిన వైన్‌కు ఆ వగరే ఆయుష్షు. పాత రెడ్ వైన్ మీద నాకున్న మమకారమంతా అక్కడే ఉంది.

సీసా మూత బిగించాక కూడా లోపల పని ఆగదు. టానిన్లూ, రంగునిచ్చే పదార్థాలూ ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. వాటిలో కొంత బరువెక్కి మడ్డిగా అడుగుకు దిగుతుంది. ఊదా ఛాయ పోయి కెంపు రంగు, అదీ పోయి ఇటుక రంగు వస్తాయి. పండ్ల వాసన వెనక్కి తగ్గుతుంది. పొగాకు, తోలు, ఎండు అంజూర, వానకు తడిసిన ఆకులు ఒక్కొక్కటిగా ముందుకొస్తాయి. ఇటలీలో నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలోను కనీసం 38 నెలలు నిలవ ఉంచందే అమ్మకూడదని నియమం. రిజర్వా అని రాయాలంటే 62 నెలలు. అప్పటికీ దాని వగరు పూర్తిగా దిగదు.

ఈ ఓపికకు నిజంగా పరీక్ష పెట్టిన కథ ఆస్ట్రేలియాది. పెన్‌ఫోల్డ్స్‌లో వైన్ తయారుచేసే మాక్స్ షూబర్ట్‌ను 1950లో ఆ సంస్థ షెర్రీ తయారీ చూసి రమ్మని యూరప్ పంపింది. ఆయన ఫ్రాన్స్‌లోని బోర్డోకు కూడా వెళ్లారు. అక్కడ 40, 50 ఏళ్ల నాటి వైన్లు ఇంకా ప్రాణంతో ఉండటం రుచి చూశారు. అలాంటిది తన దేశంలో ఎందుకు చేయలేననుకున్నారు. బోర్డోవాళ్ల కబెర్నే ద్రాక్ష అప్పట్లో దక్షిణ ఆస్ట్రేలియాలో చాలినంత దొరికేది కాదు. అందుకని దండిగా పండే షిరాజ్‌నే తీసుకుని 1951లో గ్రేంజ్ అనే వైన్ మొదలుపెట్టారు. కొన్నేళ్ల తర్వాత యాజమాన్యం పెద్దలను పిలిచి రుచి చూపిస్తే ఒక్కరికీ నచ్చలేదు. చీమలు నలిపి కలిపినట్టుందన్నవారూ ఉన్నారు. 1957లో ఆపేయమని ఉత్తర్వు వచ్చింది. షూబర్ట్ ఆపలేదు. ఆ ఏడూ, తర్వాతి రెండేళ్లూ సంస్థకు చెందిన మాగిల్ నేలమాళిగల్లో గుట్టుగా చేశారు. కొత్త ఓక్ పీపాలకు డబ్బు అడిగే వీలు లేదు కనుక పాతవాటితోనే నెట్టుకొచ్చారు. ఈలోగా మొదటి సీసాల వగరు దిగింది. 1960లో పెద్దలు మళ్లీ రుచి చూసి, గ్రేంజ్ తయారీ కొనసాగించమన్నారు. వైన్ అదే, మనుషులూ దాదాపు వాళ్లే. మధ్యలో గడిచింది కొన్నేళ్లు. షూబర్ట్ చేసిన పనిలో అన్నిటికన్నా గొప్పది ఆ ఎదురుచూపే అంటాను.

లెబనాన్‌లో షాటో ముసార్ అనే వైన్ తయారుచేసిన సెర్జ్ హొషార్‌ది కూడా ఈ కోవే. 1975 నుంచి 1990 దాకా సాగిన అంతర్యుద్ధంలో బెకా లోయ ద్రాక్షను లారీల్లో పోరు రేఖలు దాటించారు. అంత కష్టంలోనూ, ఏడేళ్లు నిండకుండా తమ రెడ్ వైన్‌ను బజారుకు పంపకూడదన్న పద్ధతి పెట్టుకున్నారు.

అలాగని పాతదల్లా గొప్పదనుకోకండి. అంగళ్లలో దొరికే రెడ్ వైన్‌లో అత్యధిక భాగం రెండు మూడేళ్లలో తాగెయ్యడానికి చేసిందే. దాన్ని పదేళ్లు దాస్తే మిగిలేది పులుపు. దాచదగిన దానికైనా 12, 14 డిగ్రీల నిలకడైన చల్లదనం, చీకటి కావాలి. కార్క్ ఎండకుండా సీసాను పడుకోబెట్టాలి. హైదరాబాద్, విజయవాడ ఎండల్లో అల్మారాలో పెట్టిన సీసా ఒక్క వేసవికే పాడవుతుంది.

పాత వైన్ అంటే వేలం పాటల ధరలు గుర్తొచ్చి వెనక్కి తగ్గనక్కర్లేదు. స్పెయిన్‌లోని రియోహావాళ్లు గ్రాన్ రిసర్వాను కనీసం ఐదేళ్లు, అందులో రెండేళ్లు పీపాల్లో, తామే నిలవ ఉంచి అమ్ముతారు. ఎదురుచూడటం వాళ్ల వంతు, తాగడం మన వంతు. ఈ రుచి తెలుసుకోవాలనుకునేవారు దానితో మొదలుపెట్టండి. బాగా పాతదైతే ముందురోజే సీసాను నిలబెట్టి ఉంచండి. మడ్డి కదలకుండా నెమ్మదిగా వంచండి. అడుగున మిగిలింది మాత్రం వదిలెయ్యండి.