బానెట్ కింద

12 జనవరి 2025, ఆదివారం

ట్రక్కు వచ్చింది. 72 షెవర్లే సీ10. వెనక వీధి పెద్దాయన తనే తోలుకొచ్చి మా డ్రైవ్‌వేలో ఆపాడు. తాళం నా చేతిలో పెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి ఒకసారి చూస్తాడేమో అనుకున్నా. చూళ్ళేదు.

ఒకప్పుడు ఆకుపచ్చ. ఇప్పుడు వాడిపోయిన తమలపాకు రంగు. పెట్రోలు ట్యాంకు సీటు వెనకే, క్యాబిన్ లోపలే. మలుపు తిరిగినప్పుడల్లా వీపు వెనక తొణుకుతుంది. ఇన్నేళ్ళూ దీన్ని ఆనుకుని ఎలా కూర్చున్నారో మనుషులు!

మా ఆవిడ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. "ఏసీ ఉందా?" అంది. లేదన్నా. లోపలికెళ్ళిపోయింది.

14 జనవరి, సంక్రాంతి

అంటుకోడానికి పదకొండు నిమిషాలు. చోక్ లాగి, వదిలి, మళ్ళీ లాగి... కార్బురేటర్ పొర్లింది. కొత్త చొక్కా అంతా పెట్రోలు. అరిసెల వాసన ఓడిపోయింది ఇంట్లో.

హైవే మీద 65 దాటితే ఇంజను అరుస్తోంది. మూడు గేర్ల పెట్టె, పైన ఇంకో గేరు లేదు. డాలస్ ట్రాఫిక్‌లో ఇదెలా తిరుగుతుంది?

ఇంజను మార్చాల్సిందే. రాశాను ఇక్కడ. ఎవరికీ చెప్పలేదింకా.

19 జనవరి

5.3 లీటర్ల వోర్టెక్, దాంతోపాటే నాలుగు గేర్ల 4ఎల్60ఈ. సిల్వరాడోల్లోంచి వచ్చే జంట. ఇనప బ్లాకు, అల్యూమినియం హెడ్లు. పాత 350 కంటే చిన్నదే, 325 ఘనపుటంగుళాలు. బలం మాత్రం ఎక్కువ, తాగడం తక్కువ.

లెక్క వేశా. ఇంజను, గేర్‌బాక్సు కలిపి 1,400. వైరింగు 700. ఆయిల్ పాన్, మౌంట్లు, పంపు, రేడియేటరు, గొట్టాలు... 4,000 డాలర్ల దగ్గర ఆపేశా. ఆపేశానంటే, రాయడం ఆపేశా.

పొగ పరీక్ష గొడవ లేదు దీనికి. వయసు కాపాడింది. మనుషులకి కూడా అలాంటి మినహాయింపు ఉంటే...

2 ఫిబ్రవరి

కంప్రెషన్ చూశా. 140, 145, 138, 142, 140, 136, 85, 141.

ఏడోది. చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ తిప్పితే 125కి లేచింది. రింగులన్నమాట. వాల్వు కాదు. బోరు చేయించి రింగులు మారిస్తే ఈ 350 మళ్ళీ మనిషిలో పడుతుంది.

అది చూడకుండా ఉంటే బాగుండేది. చచ్చిన ఇంజన్ని పీకడం వేరు. ఏడు సిలిండర్లు నిక్షేపంగా కొట్టుకుంటున్నదాన్ని పీకడం...

యాభై రెండేళ్ళు ఆ గూట్లో ఉన్న ఇంజను.

9 ఫిబ్రవరి

అమ్మతో మాట్లాడుతూ నోరు జారా. ట్రక్కు సంగతి, ఇంజను సంగతి.

"మీ నాన్న బుద్ధే నీకూనూ" అంది.

86లో నాన్న అంబాసిడర్‌కి పెట్రోలు ఇంజను తీయించి మెటడార్ డీజిల్ ఇంజను వేయించాడు. బెజవాడ ఆటోనగర్లో. నాలుగు రోజులన్న మేస్త్రి నెల చేశాడు. బండి తెనాలి వచ్చిన రోజు బాగా గుర్తు. మా ఇంటి ముందు ఐడిల్‌లో నిలబడితే డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ గజగజ ఒణికింది. వీధిలో అందరూ పిండిమర అనేవాళ్ళు. "పిండిమర వచ్చింది, మీ నాన్న వచ్చాడు."

పిసినారితనం అనుకునేవాణ్ణి. ఆ వయసులో సిగ్గుగా కూడా ఉండేది.

"పాత ఇంజన్ని అమ్మలేదురా ఆయన. కొట్టంలో టైరు మీద కూచోబెట్టి గోనెపట్టా కప్పాడు. ఆదివారం ఆదివారం వెళ్ళి చేత్తో తిప్పొచ్చేవాడు, పట్టేస్తుందని."

నాకు తెలీదే! ఎన్నాళ్ళు తిప్పాడు?

"90 తుఫానుకి కొట్టం పడిపోయిందాకా."

15 ఫిబ్రవరి

జంక్ యార్డు. బూట్ల నిండా ఎర్రమట్టి. 2004 సిల్వరాడో, వెనకనుంచి గుద్దించుకున్నది. నంబరులో ఎనిమిదో అక్షరం టీ. అదే కావాల్సింది.

సీట్లో ఎవరిదో చిన్నపిల్ల బూటు ఒకటి. చూసి, బానెట్ వైపు వచ్చేశా.

హెడ్ల మీద 706 అంకె. కాస్టెక్ గుర్తుంటే వదిలెయ్యాలి, అవి చీలతాయి. గుర్తు లేదు. మూడుసార్లు తుడిచి చూశా.

గ్యాస్ పెడల్, దాని మాడ్యూలు కూడా దీన్లోవే పీక్కోవాలి. థ్రాటిల్‌కి తీగ లేదు, అంతా కరెంటే. జత తప్పితే పలకదు.

1,350కి ఒప్పుకున్నాడు. బయానా ఇచ్చా.

2 మార్చి

అట్టముక్కలు కత్తిరించి ఆయిల్ పాన్ ఆకారం చేశా. సిల్వరాడో పాన్ మరీ లోతు, క్రాస్ మెంబర్ కిందికి వేలాడుతోంది. స్పీడ్ బ్రేకర్ ఒక్కటి చాలు. వేరేది కొనాలి.

ఏసీ కంప్రెసర్ సరిగ్గా ఛాసిస్‌లోకి వెళ్ళి గుచ్చుకుంటోంది. కుడివైపు, కింద. ఛాసిస్ కొయ్యాలి, లేదా కంప్రెసర్‌ని పైకెక్కించే బ్రాకెట్టు కొనాలి. ఛాసిస్ జోలికి పోను. ఏసీ లేకుండా టెక్సాస్‌లో జూలై... మా ఆవిడ ఎక్కదు. అసలు ఎక్కుతుందని ఎవరన్నారు?

చిన్నాడు టార్చి పట్టుకున్నాడు పావుగంట. "డాడీ, ఎలక్ట్రిక్ మోటరు పెట్టెయ్యొచ్చుగా" అని వెళ్ళిపోయాడు. తప్పేం అన్లేదు వాడు. కోపం ఎందుకొచ్చిందో.

లెక్క 6,800.

9 మార్చి, రాత్రి

నిద్ర పట్టలేదు. పాతదాని ఫైరింగ్ ఆర్డరు 1-8-4-3-6-5-7-2. కొత్తది 1-8-7-2-6-5-4-3. చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు రెండూ చెప్పుకుంటూ పడుకున్నా. మొదటి రెండూ ఒకటే, తర్వాత దారులు వేరు.

పెట్రోలు సంగతి తేల్చాలి. కార్బురేటర్‌కి ఆరేడు పీఎస్ఐ చాలు. దీనికి 58. అంత ఒత్తిడి నా వీపు వెనక ఒద్దు బాబూ. ట్యాంకు వెనక బెడ్ కిందికి. ఆ తొణుకుడు ఇక వినపడదు.

వినపడదు కదా.

16 మార్చి

వైరింగు బల్ల మీద పరిచా. పాత ట్రక్కు వైర్లన్నీ కలిపి గుప్పెట్లో పడతాయి. ఇది చేపల వల. పైగా కంప్యూటర్లో దొంగతనం లాకు. దాన్ని చెరిపించకపోతే అంటుకుని రెండు క్షణాల్లో ఆరిపోతుందట.

రోజంతా ఆఫీసులో ఎవరో రాసి పారేసిన కోడు విప్పుతా. ఇంటికొచ్చి ఇంజను కోడు విప్పాలా? దీన్నుంచి తప్పించుకుందామనే కదా ట్రక్కు కొన్నది?

ఈ వారం గ్యారేజీలోకి వెళ్ళను.

30 మార్చి, ఉగాది

వెళ్ళా. పచ్చడి తిని, పంచాంగ శ్రవణం ఎగ్గొట్టి.

350 వెనకభాగం కిరసనాయిలుతో కడుగుతున్నా. గేర్‌బాక్సు బోల్టులు ఎక్కడున్నాయో చూసుకోవాలిగా. వేలు మందాన మడ్డి. చాకుతో గీస్తే పొరలు పొరలుగా ఊడింది, మాడిన పాయసం గిన్నెలాగ. డ్రైవరు వైపు 3970010. అది తెలిసిందే, అలాంటివి లక్షలున్నాయి. అవతలి వైపు అంచు మీద ఇంకొకటి. డి 18 6.

డి అంటే ఏప్రిల్. 18వ తారీఖు. 6... 66 కాదు, ఈ అచ్చు 69 నుంచే ఉంది. 76.

72 ట్రక్కులో 76 ఇంజను.

నేల మీదే కూచుండిపోయా. రెండు నెలలు. రెండు నెలలుగా ఎవరి కోసం మథనపడ్డాను నేను?

6 ఏప్రిల్

పెద్దాయన దగ్గరికెళ్ళా. వరండాలో ఉన్నాడు. ఫోన్లో ఫోటో చూపించా.

"అదా!" అని నవ్వాడు. మొదట ఉన్నది 307. లబ్బక్ అవతల వాళ్ళ నాన్నకి పత్తి పొలం. 77లోననుకుంటా, 307ని ఊడదీసి బోరు పంపుకి బిగించారట. దానికి గ్యాస్ లైను ఇచ్చి రాత్రింబగళ్ళు తిప్పారట. ట్రక్కుకి ఈ 350 ఎక్కడో ఏక్సిడెంటైన బండిలోంచి తెచ్చుకున్నారు.

అదెన్నాళ్ళు తిరిగిందని అడిగా.

"నీళ్ళున్నన్నాళ్ళు" అన్నాడు.

ఇప్పుడెక్కడుందో అడగలేదు. తను అడిగాడు, నువ్వేం వేస్తున్నావని. చెప్పా. తల ఊపాడు. "మౌంటు రబ్బర్లు మంచివి కొను. మా నాన్న కొనలేదు" అన్నాడు.

12 ఏప్రిల్

మౌంట్లు ఆర్డరు చేశా. మంచివే.

డ్రైవ్ షాఫ్ట్ కోయించాలి, కొత్త గేర్‌బాక్సు పొడవెక్కువ. హెడ్లలోంచి ఆవిరి గొట్టం రేడియేటరుకి కలపాలి, అది మర్చిపోతే గాలి బుడగ పట్టి కాగిపోతుంది. ఏసీ బ్రాకెట్టు వచ్చేసింది.

లెక్క 9,600. మా ఆవిడకి 7,000 అని చెప్పా. ఆవిడ 10,000 అనుకుంటోందని చిన్నాడు చెప్పాడు.

3 మే

5.3 వచ్చింది. స్టాండు మీద ఉంది. ప్లాస్టిక్ మూత పెట్టిన ఇంజను. అందం లేదు. ఉంటుందా, అలవాటైతే?

350కి ఇద్దరు ఫోన్ చేశారు. ఒకడు 300 అన్నాడు. ఇంకొకడు ఇనప సామాను ధర చెప్పాడు. ఆలోచిస్తానన్నా. ఏం ఆలోచిస్తానో.

10 మే, శనివారం

రేపు పొద్దున తొమ్మిదికి హాయిస్టు వస్తుంది, ఒక్కరోజు అద్దె. పెద్దాయన వచ్చి నిలబడతానన్నాడు. చెయ్యి వెయ్యడట, నిలబడతాడట.

కింద పెట్టడానికి పాత టైరు దొరికింది. గ్యారేజీలో వాటర్ హీటర్ పక్కన చోటు. ట్రక్కు బయట పెట్టుకుంటే సరిపోతుంది. తిప్పడానికి పొడుగు రెంచి అక్కడే మేకుకి తగిలించా.

అమ్మకి చెప్పా. "కప్పడానికి ఏవన్నా ఉందా?" అంది.

ఉంది. మేం తినేది సోనా మసూరి, దాని సంచీ ప్లాస్టిక్కు. ఇండియన్ స్టోర్లో బాస్మతికే గోనె సంచీ వస్తుంది. అందుకని నెల్లాళ్ళుగా ఇంట్లో ఒకటే పులావు. రెండు సంచులు విప్పదీసి కలిపి కుట్టా. కొలిచి చూశా, ఎయిర్ క్లీనర్ తీసేస్తే సరిపోతుంది.